అరగని దిమ్మలు

ఆ లారీల డిపోలో మనుషులకు పేర్లుండవు. బండి నంబరే పేరు. పద్నాలుగుకి జ్వరమట, ముప్ఫయ్యొకటికి కవలపిల్లలట అని మాట్లాడుకుంటూ ఉంటే కొత్తగా విన్నవాడు బిత్తరపోవాలి. క్వారీలో రాయి నింపుకొని, కంకర కొట్టే క్రషరు దాకా పదకొండు కిలోమీటర్లు, ఖాళీ బండితో మళ్లీ పదకొండు. రోజుకి ఏడు ట్రిప్పులు. అదే రోడ్డు, అవే గుంతలు. పదహారేళ్లు ఒకే బండి తోలినవాడి సొంత పేరు ఇంట్లోవాళ్లకు గుర్తుంటే అదే పదివేలు.

ఇరవైరెండో నంబరు బండి తోలేవాడు ఇరవైరెండు. అతని భార్య సీట్లక్క. డిపో గేటు పక్కన రేకుల షెడ్డులో పెద్ద కుట్టుమిషను పెట్టుకుని డ్రైవర్ల సీట్లు కుడుతుంది. సూది ఎంత చురుకో నోరూ అంతే చురుకు. సీటు చిరిగిందని వచ్చినవాణ్ణి, "సీటు మీద కూర్చుంటావా, కుస్తీ పడతావా?" అని అడక్కుండా పంపేది కాదు.

ఆ షెడ్డు వేయించింది, ఆ మిషను కొనిపెట్టింది ఆమె అన్నయ్య. డిపో వర్క్‌షాపుకి అతనే పెద్ద మేస్త్రీ. అమ్మానాన్నలు పోయేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు, అతనికి ఇరవై. చెల్లెల్ని పెంచాడు, పని నేర్పించాడు, ఎదురుగా కనిపించే మంచి డ్రైవరుకే ఇచ్చి పెళ్లి చేశాడు. మొగుణ్ణి కళ్లు తెరుచుకుని నమ్మేది ఆమె, అన్నయ్యను కళ్లు మూసుకుని నమ్మేది. తేడా అక్కడే ఉంది, కొంప కూడా అక్కడే మునిగింది.

మేస్త్రీ గొప్పంతా దిమ్మల్లో ఉంది. లారీ క్యాబిన్ కింది ఛాసీ అనే ఇనుప చట్రం మీద నేరుగా కూర్చోదు. మధ్యలో నాలుగు మూలలా నాలుగు రబ్బరు దిమ్మలుంటాయి. చక్రం గుంతలో పడితే ఛాసీ ఎగురుతుంది, ఆ దెబ్బను దిమ్మలు తాము మింగి, పైనున్న మనిషికి కాస్తే వదులుతాయి. పాపం, మింగీ మింగీ ఏడాదిన్నరకల్లా ఎండి, పగిలి, కుంగిపోతాయి. అప్పుడు క్యాబిన్ ఎత్తి కొత్తవి వెయ్యాలి. పెద్దాఫీసు పద్ధతి అదీ. మేస్త్రీకి ఆ పద్ధతంటే మంట.

"ఏడాదిన్నరకి చచ్చే సరుకు కూడా సరుకేనా?" అన్నాడొకరోజు. క్రషరు దగ్గర రాళ్లు మోసి మోసి పారేసిన కన్వేయర్ బెల్టు తెప్పించాడు. దళసరి బెల్టు, కత్తికి లొంగదు. దాన్ని ముక్కలు కోయించి, పొర మీద పొర పేర్చి, మధ్యలో బోల్టు దింపి, పానాకి పైపు తొడిగి, ఇద్దరు మనుషులు వేలాడేలా బిగించాడు. "బండి పోవాలి గానీ ఇవి పోవు, రాసిపెట్టుకోండి" అన్నాడు. పరాయివాళ్ల బండి మీద ప్రయోగం చేస్తే ఏమంటారో అని, మొదటి నాలుగూ సొంత బావ బండికే వేశాడు.

వారంపాటు ఇరవైరెండు కూడా మెచ్చుకున్నాడు. క్యాబిన్ ఊగడం పోయింది, తలుపుల గడగడ పోయింది. "మా బావ చెయ్యి పడితే ఇనుమైనా నోరు మూసుకుంటుంది" అని పదిమందికీ చెప్పాడు. ఆ మెప్పు విని మేస్త్రీ మిగతా బండ్లకు కూడా ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాడు. డిపో మేనేజరు కళ్లు మూసుకున్నాడు. దిమ్మలు మార్చేందుకు బండి ఆగదు, ట్రిప్పులు తగ్గవు, ఇంకేం కావాలి!

కానీ దెబ్బ ఎక్కడికి పోతుందండీ? దిమ్మ మింగకపోతే రేకు మింగాలి. రేకు మింగకపోతే సీటు మింగాలి. అదీ మింగకపోతే మనిషి నడుము ఉండనే ఉంది. మూడేళ్లయినా మేస్త్రీ దిమ్మల మీద గీత పడలేదు. ఇరవైరెండు రెండో ఏటికే ఎడమకాలు ఈడుస్తూ బండి దిగడం మొదలుపెట్టాడు.

దిమ్మల సంగతి సీట్లక్కకేం తెలుసు! తప్పు సీటుదనుకుంది. నాలుగు వేళ్ల మందం ఫోమ్ తీసి ఆరు వేళ్లది పెట్టింది. మూడు నెలల తరవాత ఎనిమిది వేళ్లది పెట్టింది.

"తల పైకప్పుకి తగులుతోందే!" అన్నాడు అతను.

"అయితే కాస్త వంగి కూర్చోండి. నొప్పి నడుముకే కదా, మెడకి కాదుగా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లిద్దరూ కలిసి నవ్విన ఆఖరి నవ్వు అదే కావచ్చు.

డిపోలో మాత్రం నవ్వులకు కొదవ లేదు. ఇరవైరెండు నడుం పట్టుకుని దిగుతుంటే మేస్త్రీ ఎదురెళ్లి, "ఏం బావా, నడుమెలా ఉంది?" అంటూ సరిగ్గా నొప్పి ఉన్నచోటే చరిచేవాడు. ఇరవైరెండు మెలికలు తిరిగిపోయేవాడు. "ఆడలేక మద్దెల ఓడన్నారట. నలభైమంది తోలుతున్నారు, ఒక్కడికీ లేని రోగం నీకే వచ్చిందా? మా చెల్లెలు గట్టిగా పని చేయిస్తున్నట్టుందే ఇంట్లో!" చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. వాళ్లలో సగంమందికి రాత్రయితే నడుము కదలదు. అయినా నవ్వేవాళ్లు, నవ్వకపోతే తరవాతి చరుపు తమకేనని భయం. షెడ్డులోంచి చూస్తున్న ఆమె కూడా ఒకసారి నవ్వింది. అన్నయ్య మాట తీరే అంత, మనసులో ఏమీ ఉండదు అనుకుని నవ్వింది. ఇరవైరెండు తల తిప్పి చూశాడు.

ఒక సోమవారం పొద్దున క్వారీలో అతను బండి దిగలేకపోయాడు. కాళ్లు తనవి కానట్టు ఉండిపోయాయి. ఇద్దరు మనుషులు బస్తాను దించినట్టు దించారు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు నలిగి పక్కకు వచ్చేసిందని డాక్టరు చెప్పాడు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వెయ్యొచ్చు, కుర్చీలో కూర్చుని చేసే పని చేసుకోవచ్చు, లారీ మాత్రం ఈ జన్మలో వద్దన్నాడు.

కంపెనీకి ఒక నియమం ఉంది. బండి లోపంవల్ల డ్రైవరు పాడైతే, రిటైరయ్యేదాకా అతనికి కూర్చుని చేసే ఉద్యోగం ఇచ్చి తీరాలి. లారీలు తూచే కాటాగదిలో కుర్చీ ఖాళీగానే ఉంది. అదే తప్పు డ్రైవరుదైతే ఓ కాగితం చేతిలో పెట్టి గేటు బయటికి పంపుతారు. ఏది నిజమో తేల్చడానికి పెద్దాఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు రెండో వారం గురువారం వస్తాడని కబురొచ్చింది. అంటే ఇరవైరెండు బతుకంతా ఆ ఒక్క గురువారంలో ఉంది.

ఆ వారం సోమవారంనాడు కర్ర పట్టుకుని అతను ఆమె షెడ్డుకొచ్చాడు. "టేపు తీసుకుని రా. సీటు కొలవడానికి వెళ్తున్నట్టు రా" అన్నాడు.

అతను ఎక్కలేడు కాబట్టి ఆమే బండెక్కింది. కింద నిలబడి చెప్పాడు, "సీటు వెనక ఎడమ మూల మ్యాట్ ఎత్తు."

ఎత్తింది. కింద దిమ్మ ఉండే చోట, బోల్టు చుట్టూ రేకు పగిలి ఉంది. కోడి కాలి ముద్రలా అయిదు పగుళ్లు. ఒకదానిలోంచి కింది నేల కనిపించింది. వేలు పెట్టబోయి, తెగుతుందని వెనక్కి తీసుకుంది.

"చూశావా? మీ అన్నయ్య దిమ్మలు దెబ్బ మింగవు. ఇనుప రేకునే చీల్చాయి, ఇక నా నడుమెంత!" అన్నాడు. "ఎవరికీ చెప్పకు. గురువారం ఇన్‌స్పెక్టరు ముందు నేనే ఎత్తి చూపిస్తాను. ముఖ్యంగా మీ అన్నయ్యకి చెప్పకు."

"మా అన్నయ్యని పరాయివాణ్ణి చేస్తున్నారేంటండీ?"

"ఒట్టు వెయ్యి."

బండి దిగి, అతని చేతిలో చెయ్యి వేసి ఒట్టేసింది. వేసినప్పుడు నిజంగానే వేసింది, అబద్ధం కాదు.

తరవాత మొదలైంది ఆలోచన. ఇన్‌స్పెక్టరు ఆ పగుళ్లు చూస్తే మొగుడికి కాటాగది దొరుకుతుంది. మరి అన్నయ్య? పెద్దాఫీసు ఒప్పుకోని దిమ్మలు నలభై బండ్లకు వేసినవాణ్ణి ఉంచుతారా? ఈ వయసులో అతనికి ఇంకెవరు పనిస్తారు? అన్నయ్యకి ముందుగా ఒక్క మాట చెబితే, తనే ఇన్‌స్పెక్టరుకి ఒప్పుకుంటాడు, ఒప్పుకున్నవాడికి శిక్ష తగ్గుతుంది, ఇటు మొగుడి ఉద్యోగం నిలుస్తుంది. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. ఈ సామెత కట్టినవాడెవడో గానీ, వాడి ఇంట్లోకి పాము ఎప్పుడూ వచ్చి ఉండదు.

బుధవారం మధ్యాహ్నం వర్క్‌షాపు గదికి వెళ్లి అంతా చెప్పేసింది.

మేస్త్రీ నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. కోప్పడలేదు. "ఎడమ వెనకదేనా?" అని అడిగాడు. "పగుళ్లు ఎన్ని? మ్యాట్ పూర్తిగా ఎత్తితేనే కనిపిస్తాయా, పక్కనుంచి కూడా కనిపిస్తాయా?" ఒక్కొక్కటీ నెమ్మదిగా అడుగుతుంటే, అయ్యో, మా అన్నయ్యకి ఎంత పట్టింపో అనుకుంది పిచ్చిది.

"బావ ఇంకెవరికైనా చూపించాడా?"

"లేదన్నయ్యా. నాకొక్కదానికే. ఒట్టు కూడా వేయించుకున్నారు."

"మంచిపని చేశావమ్మా. నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పుకుంటావు?" అని తల నిమిరాడు. "రేపు నేనే చెబుతాను, దిమ్మలు నావే, తప్పు నాదేనని. తిడితే పడతాను. బావకి కాటాగది ఇప్పించే పూచీ నాది. నువ్వు ఏడవకు. వెళ్తూ వెళ్తూ వెల్డింగతన్ని ఓసారి రమ్మను."

రమ్మంది కూడా! తన నోటితో తనే వెల్డింగతన్ని పిలిచి, తేలికైన మనసుతో షెడ్డుకొచ్చి మిషను ముందు కూర్చుంది. సాయంత్రందాకా వర్క్‌షాపులోంచి వెల్డింగు చిటపటలు వినిపిస్తూనే ఉన్నాయి. రోజూ వినిపించేవే కదా అనుకుంది.

గురువారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బట్టతల, మర్యాదస్తుడు, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. ఆ కాగితాల్లో ఉన్న ఇరవైరెండో బండి తప్ప ఇంకో బండి చూడటం అతని పని కాదు. ఆవరణలో పదిహేనుమంది దాకా పోగయ్యారు. ఆమె కూడా వెళ్లి నిలబడింది. అన్నయ్య ఎప్పుడు నోరు విప్పుతాడా అని అతని మొహంకేసే చూస్తోంది. మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. ఎవరికేసీ చూడలేదు.

"ముందు బండి తోలి చూద్దాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు. స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోయించి డాష్‌బోర్డు మీద పెట్టించాడు. ఇంకో డ్రైవరు స్టీరింగు పట్టాడు, పక్కన ఇన్‌స్పెక్టరు ఎక్కాడు, ఇరవైరెండుని ఇద్దరు పట్టి ఎక్కించారు. బండి గేటు దాటి గుంతల రోడ్డు ఎక్కింది. పావుగంటలో తిరిగొచ్చింది. గ్లాసులో నీళ్లు అంగుళం కూడా తగ్గలేదు.

ఇరవైరెండుని ఇద్దరు పట్టి దించారు. "ఇవి ఆ దిమ్మలు కావు సార్" అన్నాడు. "నిన్న మార్చారు. ఇవి కొత్త రబ్బరువి."

"కొత్తవా? మీరే చూడండి సార్" అన్నాడు మేస్త్రీ. ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. దిమ్మల మీద పాత నూనె, రాతిపొడి గడ్డకట్టి ఉన్నాయి. మేస్త్రీ చెయ్యి అంత పనితనం గలది, కొత్తదాన్ని ఒక్క పూటలో పాతది చేసింది. "నడుం పోయినవాడికి బుర్ర కూడా పోయినట్టుంది సార్" అంటే చుట్టూ కిచకిచమన్నారు.

"మ్యాట్ ఎత్తండి! ఎడమ మూల. రేకు పగిలి ఉంది!"

ఎత్తారు. బూడిదరంగు పెయింటు నున్నగా మెరుస్తోంది.

"మరి బండ్లకి పెయింట్లు వెయ్యమా సార్, తుప్పు పట్టనిస్తామా?" అన్నాడు మేస్త్రీ.

ఇరవైరెండు కర్ర మీద బరువంతా వేసి వెనక్కి తిరిగాడు. "మా ఆవిణ్ణి అడగండి సార్. సోమవారం ఆమె కళ్లతో చూసింది."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"చూశారా అమ్మా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

అవును అనే మాట ఎంతసేపు పడుతుందండీ చెప్పడానికి? నోటిదాకా వచ్చింది. అప్పుడే మేస్త్రీ మెత్తగా అందుకున్నాడు. "చెప్పమ్మా, భయమెందుకు! చూసి ఉంటే మరి ఎవరికైనా చెప్పే ఉంటావుగా? ఎవరికి చెప్పావో అది కూడా సారుకి చెప్పు."

ఆ గొంతు ఆమె చిన్నప్పటినుంచి వింటున్న గొంతే. అందులో కత్తి ఉంటుందని ఆ రోజే తెలిసింది. చూశాను అంటే, ఎవరికి చెప్పానో చెప్పాలి. చెబితే, ఒట్టు తప్పానని మొగుడికి ఇక్కడే, పదిహేనుమంది మధ్య తెలిసిపోతుంది. మింగలేక, కక్కలేక అలాగే నిలబడింది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు.

"లోపల చీకటిగా ఉందండీ" అంది చివరికి. "మరకేమో... సరిగ్గా చూడలేదు."

ఇరవైరెండు ఆమె మీంచి చూపు తిప్పేసుకున్నాడు.

ఆ తరవాత ఇన్‌స్పెక్టరు చూపు సీటు మీద పడింది. అరచేత్తో నొక్కాడు, స్కేలు పెట్టి కొలిచాడు. "ఎనిమిది వేళ్ల ఫోమా? దీని మీద కూర్చుంటే వెన్ను వంకర తిరగదా? ఎవరు కుట్టారు?"

"మా చెల్లెలే సార్" అన్నాడు మేస్త్రీ, ఎంతో సిగ్గుపడుతున్నట్టు. "ఎన్నిసార్లు మొత్తుకున్నానో. భార్య ప్రేమగా కుట్టింది కదా అని మా బావ వదల్లేదు."

డ్రైవర్లు ఈసారి గట్టిగానే నవ్వారు. ఎవడో వెనకనుంచి, "ప్రేమ ఎక్కువైతే నడుమే పోతుంది మరి!" అన్నాడు. ఇన్‌స్పెక్టరు కూడా పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాడు. కాగితం మీద రాశాడు. కంపెనీ ఒప్పుకోని సీటు వాడినందువల్ల డ్రైవరు నడుముకి హాని, బండిలో లోపం లేదు. "అరవై రోజుల్లో మళ్లీ విచారణ కావాలంటే అర్జీ పెట్టుకోవచ్చు. డ్రైవరే సంతకం చెయ్యాలి" అని మర్యాదగా చెప్పి, కారెక్కి వెళ్లిపోయాడు.

ఆమె ఒక్కతే మేస్త్రీ గదికి పరుగెత్తింది. "ఒప్పుకుంటానన్నావు కదన్నయ్యా!"

"ఒప్పుకుని నేను రోడ్డున పడాలా?" అన్నాడు. నిన్నటి గొంతు కాదది. "నీ మొగుడు నన్ను పదిమందిలో నిలబెట్టి నరకాలని చూశాడు. పెంచినవాణ్ణి నేను. కాదంటావా? వెళ్లి చెప్పుకో అతనికి, నువ్వే నాకు చెప్పావని. వెళ్లు మరి!"

ఆమె వెళ్లలేదు. చెప్పలేదు. ఆ సంగతి మేస్త్రీకి ముందే తెలుసు.

ఇంట్లో ఇరవైరెండు నేల మీద చాప వేసుకుని పడుకునేవాడు. డిపోవాళ్లు ఆ ఎనిమిది వేళ్ల సీటును ఊడదీసి గుమ్మం ముందు పడేసి పోయారు. ఆమె దాన్ని విప్పి, ఆ ఫోముతోనే అతనికి మెత్తని పరుపు కుట్టింది. అతను దాని మీద పడుకోలేదు. తిట్టలేదు, కొట్టలేదు, అలగలేదు. "నీళ్లివ్వు", "తలుపెయ్యి", "లే, పట్టుకో". మూడే మాటలు. ఆమెవైపు తిరిగి పడుకున్నప్పుడు మాత్రం కళ్లు మూసేవాడు కాదు. అలా చూస్తూ ఉండేవాడు. నా కుట్టు నడుం తీసిందని నమ్మేశాడు కాబోలు అనుకునేది. నమ్మితే నమ్మనీ, చేతకాని ఆడదాన్ని అనుకుంటాడు, అంతే కదా. ఒట్టు తప్పిందని తెలియడం కంటే అదే నయమనుకుంది. చూశారా, మనిషి తనకు తాను ఎంత తక్కువలో బేరమాడుకుంటుందో!

ఒక ఆదివారం మేస్త్రీ చూడడానికొచ్చాడు. చుట్టం కదా, రాకపోతే బాగుండదు. ఆ పరుపు మీదే కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు. "డాక్టరేమన్నాడు బావా? వెన్నులో కూడా దిమ్మల్లాంటివి ఉంటాయటగా! మా బండ్లవైతే నేను మార్చి ఇచ్చేవాణ్ణి. నీవి కంపెనీ సరుకు కాకపోయెనే!" అని తొడ చరుచుకుని నవ్వాడు. ఇరవైరెండు బావకేసి చూడలేదు. నవ్వుతుందా లేదా అని భార్య మొహంకేసి చూశాడు. ఆమె వంటగదిలోకి వెళ్లిపోయింది.

నలభై మూడో రోజు పొద్దున షెడ్డు ముందు ఓ పొడుగాయన వచ్చి నిలబడ్డాడు. కొత్త మొహం.

"అక్కా, సీటు కుట్టాలి. మందంగా."

"ఏ బండి?"

"ఇరవైరెండుని అక్కా నేను" అన్నాడు.

ఆమె చేతిలో సూది ఆగింది. పదహారేళ్లు మొగుణ్ణి పిలిచిన పేరు! బండితోపాటే దాన్నీ ఇచ్చేశారన్నమాట.

"నెలన్నరగా తోలుతున్నానక్కా. మొదటి మూడు రోజులూ ఊయల మీద కూర్చున్నట్టుంది. ఆ తరవాత మేస్త్రీగారు ఏదో బిగించారు, అప్పట్నుంచి ఒకటే దెబ్బలు. నడుం పట్టేస్తోంది. ఓ ఆరు వేళ్ల ఫోమ్ పెడితే సర్దుకుంటుందంటావా?"

ఆమె టేపు తీసుకుని వెళ్లి బండెక్కింది. సీటు వెనక ఎడమ మూల మ్యాట్ ఎత్తింది. బూడిదరంగు పెయింటు మధ్యలో, వెల్డింగు అతుకు పక్కగా, వెంట్రుకంత పగులు. కిందికి దిగి వంగి చూసింది. బెల్టు ముక్కలు, పొర మీద పొర. అన్నయ్య దిమ్మలే, ఇన్‌స్పెక్టరు వెళ్లాడన్న ధీమాతో మళ్లీ బిగించాడు. నెలన్నరకే మళ్లీ రేకుని కొరకడం మొదలుపెట్టాయి.

ఎన్నాళ్ల తరవాతో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అరవై రోజుల్లో ఇంకా పదిహేడున్నాయి! ఈసారి ఫోటోలు తీయొచ్చు, ఈ పొడుగాయన్ని సాక్ష్యం పెట్టొచ్చు, ఎవరికీ చెప్పకుండా తిన్నగా పెద్దాఫీసుకే పోవచ్చు. షెడ్డు కూడా మూయకుండా, దారిలో కొట్టులో అర్జీ కాగితం, పెన్ను కొనుక్కుని, ఎండలో పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది.

చాప పక్కన కూలబడి ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది. కొత్త పగులు, పాత దిమ్మలు, పొడుగాయన. చెబుతూ చెబుతూ, ఇక ఆపుకోలేక, ఆ బుధవారం సంగతి కూడా చెప్పేసింది. అన్నయ్య తల నిమిరింది, తనే వెల్డింగతన్ని పిలిచింది, చీకటిగా ఉందని అబద్ధమాడింది. "తప్పయిపోయిందండీ. మీ కాళ్లు పట్టుకుంటాను. ఇద్దరికీ మంచి జరుగుతుందనుకున్నాను" అని వలవలా ఏడ్చింది.

అతను ఆశ్చర్యపోలేదు.

"ఆ గురువారం బండి గేటు దాటకముందే తెలిసింది నాకు, దిమ్మలు మారాయని" అన్నాడు. "పదహారేళ్లు ఆ బండిని నడుంతో తోలాను. గేటు దాటాక, ఎవరు చెప్పారా అని ఆలోచించాను. ఎంతసేపు ఆలోచిస్తాం? మ్యాట్ ఎత్తి చూసింది నువ్వొక్కదానివే."

"మరి... మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగానుగా. సాక్ష్యం చెప్పమని. ఒక్క అవును అంటావేమో, అంటే అన్నీ వదిలేద్దామనుకున్నా. అప్పటికీ ఇంట్లో అయినా చెబుతావని చూశాను. నలభై మూడు రోజులు చూశాను."

ఆమె అర్జీ కాగితం చాప మీద పరిచి, పెన్ను మూత తీసి అతని వేళ్ల మధ్య పెట్టింది. "తిట్టండి, చంపండి, తరవాత. ముందు సంతకం పెట్టండి. ఈసారి కాటాగది మనదే. దణ్ణం పెడతాను, ఒక్క సంతకం!"

అతను పెన్నుకేసి కాసేపు చూశాడు. ఆమెకేసి చూశాడు.

"ఈసారి ముందు ఎవరికి చెప్పావు?"

"మీకే! తిన్నగా మీ దగ్గరికే వచ్చాను. ఒట్టు!"

ఒట్టు అన్న మాట నోరు దాటాక గానీ ఆమెకు తెలియలేదు. చెయ్యి చాచి అతని చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది.

ఇరవైరెండు పెన్నుకు మూత పెట్టి కాగితం మీద పెట్టాడు. ముందు భుజం, తరవాత నడుం, తరవాత చేత్తో కాలు జరుపుకుని, మూడు విడతలుగా గోడవైపు తిరిగాడు.

"వెళ్లి మీ అన్నయ్యకి కూడా చెప్పిరా" అన్నాడు. "లేకపోతే నొచ్చుకుంటాడు."